టచప్ చెయ్యని ముఖం

ఆ స్టూడియోలోంచి ముఖం వేలాడేసుకుని ఎవరూ బయటికి పోకూడదన్నది ఫోటోగ్రాఫరు పెట్టుకున్న నియమం. మొటిమ ఉంటే తుడిచేస్తాడు. మెల్లకన్ను ఉంటే చూపు సరిచేస్తాడు. ఎత్తుపళ్లని లోపలికి నెట్టేస్తాడు, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపిస్తాడు. ఎవరూ అడగక్కర్లేదు. ఫిల్ము కాలంలో నెగెటివు మీద సన్నటి పెన్సిలుతో చేసేవాడు, ఇప్పుడు కంప్యూటరులో మౌసుతో చేస్తున్నాడు. పనిముట్టు మారింది గానీ చెయ్యి మారలేదు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాడు కవరు తెరిచి "ఇది నేనేనా?" అని మురిసిపోతే చాలు, ఆయనకి ఆ పూట కడుపు నిండినట్టే.

ఆ చేతికి అందరికంటే ఎక్కువ పని చెప్పిన ముఖం ఆయన కూతురిదే.

ఇంట్లో ఆమెని పిచ్చుక అంటారు. పుట్టిన దగ్గర్నుంచీ ఊపిరి తీస్తే సన్నగా ఈల వినిపించేది. "చూడవే, పిచ్చుక కూసినట్టు లేదూ?" అన్నాడట తండ్రి ఉయ్యాల మీదికి వంగి. తల్లి నవ్విందట. పేరు అలా అతుక్కుపోయింది. అది కూత కాదని, ముక్కు వెనక గాలికి దారి చాలక పసిగుడ్డు పడుతున్న అవస్థ అని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తట్టినా ఒప్పుకునేవాళ్లు కాదు. మనకి ఇదొక అలవాటు. బాధకి ముద్దుపేరు పెట్టేస్తాం. పెట్టాక ఇక దాని సంగతి చూడక్కర్లేదు, ఎత్తుకుని ముద్దాడితే సరిపోతుంది.

వీధికి అంత ప్రేమ లేదు కాబట్టి అది ఇంకో పేరు పెట్టింది. సాసరు. నుదురూ కింది దవడా వయసుతో పాటు పెరిగాయి. మధ్యలో ఉన్నవి, అంటే పై దవడ, చెంపల ఎముకలు, ముక్కు మొదలు, కళ్ల కింది అంచులు, చిన్నప్పుడు ఎక్కడున్నాయో అక్కడే ఆగిపోయాయి. పక్కనుంచి చూస్తే ముఖం మధ్యలో సాసరులాగా గుంట. కళ్లు కూర్చోడానికి చోటు లేక బయటికి ఉబికి ఉంటాయి. రెప్పలు వాలుస్తుంది గానీ పూర్తిగా మూతపడవు, నిద్రలో కూడా కింద తెల్లటి గీత కనిపిస్తూనే ఉంటుంది. కింది పళ్లు పై పళ్లని దాటి ముందుకి వచ్చేశాయి, ముందుపళ్లతో దేన్నీ కొరకలేదు. పండు ఏదైనా సరే, తండ్రి జేబులోంచి మడత కత్తి తీసి సన్నటి ముక్కలు చేసి చేతికిచ్చేవాడు. ఆమె వాటిని దవడ వెనక్కి తోసుకుని నమిలేది. ఇదంతా ఆ ఇంట్లో ఎంత మామూలైపోయిందంటే, ఆ కత్తి ఎందుకుందో కూడా అందరూ మర్చిపోయారు.

స్టూడియో గోడ మీద ఏటేటా తీసిన ఆమె ఫోటోలు వరసగా ఉండేవి. అన్నిట్లోనూ చక్కటి పిల్ల. నిండు చెంపలు, తీరైన ముక్కు, చక్కగా కుదిరిన పెదాలు. చిన్నప్పుడు ఆమె అద్దంలో చూసుకుని, గోడ మీద చూసి, మళ్లీ అద్దంలో చూసుకుని అడిగింది.

"నాన్నా, నేను అలా లేనుగా?"

"అలాగే ఉంటావు తల్లీ. వెలుతురు సరిగ్గా పడక నీకలా కనిపిస్తోంది."

ఆమె నమ్మింది. బడిలో కిటికీ పక్కన కూర్చునేది, వెలుతురు సరిగ్గా పడాలని. ఎవరైనా ఇంటికొస్తే లైటు కిందికి జరిగేది. ఎక్కడో సరైన దీపం ఉందని, దాని కింద నిలబడితే గోడ మీది పిల్ల బయటికొస్తుందని ఆమె ఎదురుచూసింది. ఆ ఎదురుచూపు బట్టలు కుట్టేవాడి దుకాణంలో ముగిసింది. అక్కడ మూడు పలకల అద్దం ఉంది. దాంట్లో మొదటిసారి తన ముఖాన్ని తాను పక్కనుంచి చూసింది. వెలుతురు బాగానే పడుతోంది. టేపు పట్టుకున్న దర్జీ "చెయ్యెత్తమ్మా" అని ఎన్నిసార్లన్నా ఆమెకి వినపడలేదు.

పెద్దయ్యాక ఆమెకి స్టూడియో వెనక గదిలో ఉద్యోగం. ముందు కౌంటరులో వదిన కూర్చుంటుంది. అన్న కెమెరా భుజానేసుకుని పెళ్లిళ్లకి తిరుగుతాడు. ముందు కూర్చుంటే వచ్చినవాళ్లు ఎటు చూడాలో తెలియక పైన తిరిగే ఫ్యాను చూస్తూ మాట్లాడేవాళ్లు. అందుకని వెనక గది. అక్కడ తండ్రి దగ్గర నేర్చుకున్న పనే, ఊళ్లోవాళ్ల ముఖాలు బాగుచెయ్యడం. ఇంతకంటే వెటకారం ఇంకేం కావాలి?

ఆమెకి పగలు నిద్ర ముంచుకొచ్చేది. రాత్రుళ్లు ఊపిరి ఆగి ఆగి లేచేది కాబట్టి ఏ రోజూ పూర్తి నిద్ర లేదు. ఇది ఎవరికీ తెలియదు, ఆమెకీ తెలియదు. అందరికీ తెలిసింది ఆమె బద్ధకస్తురాలని.

"ఏమ్మా నిద్రమొద్దూ, ఇలా వచ్చి చూడు," అని ఒకరోజు వదిన ఆల్బం పేజీ పట్టుకొచ్చింది. "పెళ్లికొడుక్కి మూడో చెవి మొలిపించావు."

పిచ్చుక కళ్లు నులుముకుని చూసింది. నిజమే. మౌసు మీద చెయ్యి పెట్టి కునుకు తీసినట్టుంది.

"పోనీలే వదినా. పెళ్లయ్యాక అవసరం పడుతుంది. పెళ్లాం చెప్పేది ఎక్కువ వినపడుతుంది."

"మీ అన్నకి రెండు పెట్టు. నాది ఒక్కటీ వినడం లేదు," అంది వదిన. వదిన నోరు కత్తెరే. కానీ ఆ ఇంట్లో ఆమె ముఖం వంక చూసి మాట్లాడేది వదినొక్కతే.

పిచ్చుక ఎడమ కన్ను ఎర్రబడింది. మొదట దుమ్మన్నారు, తర్వాత కంప్యూటరన్నారు, తర్వాత నిద్రెక్కువన్నారు. నీళ్లు కారి, వెలుగు చూడలేని స్థితికొచ్చాక వదినే చెయ్యి పట్టుకుని ప్రభుత్వాసుపత్రికి లాక్కుపోయింది. కంటి డాక్టరు చుక్కలు రాసి, "రెప్ప పడకపోతే కన్ను ఎండదా? చుక్కలతో ఎన్నాళ్లు?" అని విసుక్కుని పై అంతస్తుకి పంపాడు. అక్కడ ముఖం ఎముకల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఉంది. పొట్టిగా ఉంటుంది, గబగబా మాట్లాడుతుంది.

డాక్టరమ్మ ముందు ఆమె నోరు చూసింది. తర్వాత ముక్కు కింద వేలు పెట్టి గాలి చూసింది. కళ్లు మూయమని చూసింది. అప్పుడు అడిగింది.

"ఇన్నేళ్లొచ్చేదాకా ఎవరూ తీసుకురాలేదా?"

"బాగానే ఉందిగా అనుకున్నారండీ," అంది పిచ్చుక.

"ఎవరికి బాగానే ఉంది?"

ఇంటికెళ్లేదాకా బస్సులో పిచ్చుక ఆ ప్రశ్నే నోట్లో తిప్పుకుంది.

డాక్టరమ్మ చెప్పింది ఇదీ. ముఖం మధ్య ఎముకని జాగ్రత్తగా విడదీస్తారు. తలకి ఒక చట్రం బిగిస్తారు. దాని మరలు రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటే విడదీసిన ఎముక ముందుకి జరుగుతుంది, వెనక ఖాళీలో కొత్త ఎముక పూడుతుంది. గాలికి దారి పెరుగుతుంది, కళ్లకి కింద ఆసరా వస్తుంది, పళ్లు కలుస్తాయి. సొంతంగా చేయించుకోవడం ఆ ఇంటివల్ల అయ్యే పని కాదు. పేదలకి చేయించే పథకం ఉంది. దానికి ఒక కమిటీ అనుమతివ్వాలి.

"ఎదురుగా ఒకటి, పక్కలనుంచి రెండూ, శుభ్రంగా కనపడే ఫోటోలు స్టూడియోలో తీయించి తీసుకురండి," అంది డాక్టరమ్మ.

"స్టూడియో మాదేనండీ," అంది వదిన గర్వంగా.

ఫోటోలు తండ్రే తీశాడు, కవరులో పెట్టి అతికించి ఇచ్చాడు. కవరు తెరిచి ఎవరూ చూడలేదు. ఆ ఇంట్లో ఫోటోలకి అనుమానమేముంటుంది? ఆసుపత్రి గుమాస్తా కూడా కవరుని కవరులాగే ఫైలుకి గుచ్చి పంపించాడు.

కాలం గడిచింది. కన్ను మానుతూ, రేగుతూ ఉంది. చివరికి కమిటీ నుంచి ఒక ముక్క వచ్చింది. అందం కోసం చేయించుకునే చికిత్సలు పథకం కిందికి రావు.

పిచ్చుక అది చదివి ఏడవలేదు. ఆమెకి ఒళ్లంతా మండిపోయింది. అందమా? పండు కొరకాలనుకోవడం అందమా? కళ్లు మూసుకుని పడుకోవాలనుకోవడం సోకా? ఊపిరి పీల్చుకోవడం కూడా సింగారమే అయితే ఆ కమిటీ వాళ్లు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా చేస్తున్నదేమిటి? వరసగా కూర్చుని సింగారించుకుంటున్నారా?

"వాళ్ల ముక్కులు నాలుగు రోజులు మూసి పెట్టాలి," అంది వదిన. "అప్పుడు తెలుస్తుంది అందం."

"పోనీలే తల్లీ," అన్నాడు తండ్రి. "నువ్వు బాగానే ఉంటావు."

ఆ మాటకి వదినాడబడుచులిద్దరూ ఆయన వంక చూశారు. ఆయన కెమెరా అద్దం తుడుచుకుంటూ తల దించుకున్నాడు.

డాక్టరమ్మకీ మండింది. కమిటీ నుంచి ఫైలు తెప్పించింది. పిచ్చుకని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, కవరు చింపి పక్కనుంచి తీసిన ఫోటో పట్టుకుంది. ఆమె ముఖం వంక చూసింది. ఫోటో వంక చూసింది. కుర్చీ తిప్పించి పక్కనుంచి చూసింది.

"ఇదెవరు?"

పిచ్చుక ఫోటో అందుకుంది. అదే చెవి, అదే జుట్టు, అదే చొక్కా కాలరు. మధ్యలో మాత్రం గుంట లేదు. ముక్కు మొదలు లేచింది, చెంప నిండింది, పై పెదవి ముందుకొచ్చి కింది పెదవి మీద కుదురుగా కూర్చుంది. గోడ మీది పిల్లే. పెద్దదైంది, అంతే.

పని ఎంత బాగుందో ఆమెకి తెలిసింది. అదే పని తను రోజూ చేస్తుంది కదా. ఎక్కడ లాగాడో, ఎక్కడ నీడ వేశాడో, ఎక్కడ అంచు కలిపాడో అన్నీ కనిపించాయి. ఒక్క చోట కూడా చెయ్యి తడబడలేదు.

"మా నాన్న," అంది.

స్టూడియోకి వచ్చేసరికి తండ్రి ఎవరికో నల్లకోటు తొడుగుతున్నాడు. స్టూడియోలో ఒకటే కోటు, వచ్చినవాళ్లందరికీ అదే. లావాటివాళ్లకి వెనక తెరిచి వదిలేస్తాడు, సన్నవాళ్లకి వెనక పిన్నులు పెడతాడు. ముందునుంచి చూస్తే అందరూ ఆఫీసర్లే. పిచ్చుక కోటు మనిషి వెళ్లేదాకా ఆగి, ఫోటో తీసుకొచ్చి కౌంటరు మీద పెట్టింది.

"ఎందుకు చేశావు?"

"ఏం చేశాను?"

"నాన్నా!"

తండ్రి ఫోటో చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో దొంగతనం దొరికినవాడి భయం లేదు. దారి తప్పినవాడి బెదురుంది.

"నేనేం కావాలని చెయ్యలేదే. తీశాను, మామూలుగా కూర్చున్నాను... చెయ్యి దానంతటదే పోయింది. ఒట్టు, నాకు గుర్తు కూడా లేదు."

"నీకు గుర్తు లేదు. నా కన్నుకి గుర్తుంది."

"ప్రేమకొద్దీ చేశాడే," అంది తల్లి లోపల్నుంచి వచ్చి. "కన్నకూతుర్ని ఆ... అలా పంపడానికి చెయ్యి రావద్దూ?"

"ఎలా అమ్మా? అను. ఆ మాట పూర్తి చెయ్యి. ఎలా?"

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పుట్టినప్పట్నుంచీ ఈ ఇంట్లో ఒక్కళ్లు ఆ మాట పూర్తి చెయ్యలేదు. నేను ఉక్కిరిబిక్కిరైతే పిచ్చుక అన్నారు. కొరకలేకపోతే ముక్కలు కోసిచ్చారు. అద్దంలో కనపడితే వెలుతురు తప్పన్నారు. ఇన్నేళ్లు మీరు ముద్దు చేసింది నన్ను కాదు నాన్నా, దాన్ని." గోడ వంక చెయ్యి చూపింది. "మీ కూతురు అది. నేను దానికి అడ్డం."

వదిన వెళ్లి స్టూడియో తలుపు దగ్గరగా వేసింది. తర్వాత తిరిగొచ్చి మామగారి చేతిలో కెమెరా పెట్టింది.

"లేవండి మావయ్యా. మళ్లీ తీయండి. ఈసారి నేను పక్కనే ఉంటా."

పిచ్చుక తిరిగే స్టూలు మీద పక్కకి తిరిగి కూర్చుంది. గొడుగు దీపాలు వెలిగాయి. తండ్రి కెమెరాకి కన్ను ఆనించాడు, తీశాడు, మళ్లీ ఆనించాడు.

"గడ్డం కొంచెం కిందికి దించు తల్లీ."

"దించను."

"ఇటు ఒక్క రవ్వ తిరిగితే నీడ పడి..."

"నీడ వద్దు."

క్లిక్కుమంది. కంప్యూటరు మీద ఫోటో తెరుచుకుంది. తండ్రి చెయ్యి మౌసు మీదికి పోయింది. వదిన చెయ్యి అంతకంటే ముందు పోయి మౌసుని లాగేసింది. "ముట్టుకున్నారంటే నెత్తిన కొడతా, మావగారని చూడను," అంది. ఎవరూ నవ్వలేదు. ప్రింటు మెల్లగా బయటికొస్తుంటే ఆయన దాని వంక చూడకుండా నిలబడ్డాడు. చివరికి చూశాడు. కూతుర్ని ఆయన కాగితం మీద చూడడం అదే మొదలు. స్టూలు మీద కూలబడి రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

ఇక్కడితో కష్టం తీరిందనుకుంటే పొరపాటు. ఈసారి కమిటీ పిచ్చుకనే స్వయంగా రమ్మంది. పొడుగాటి బల్ల, దాని మీద టీ, బిస్కట్లు, వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్న కళ్లజోడాయనే మాట్లాడేది, మిగతా ఇద్దరూ టీ తాగేవాళ్లు. ఆయన పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు.

"మీది ఫోటో స్టూడియోనట కదా?"

"అవునండీ," అన్నాడు తండ్రి.

"మరి పాతది బాగుచేశారని మీరంటున్నారు. కొత్తది చెడగొట్టలేదని మాకేంటి నమ్మకం? ఈ రోజుల్లో కంప్యూటరులో ఏదైనా చెయ్యొచ్చు."

డాక్టరమ్మ ఏదో అనబోయింది. పిచ్చుక ఆమెని ఆపింది.

"సార్, నేను ఇక్కడే ఉన్నాను కదండీ."

"ఉన్నావమ్మా. నేను మాట్లాడేది ఫోటోల గురించి."

"ఫోటోలెందుకండీ? నన్ను చూడండి."

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురుకి పక్కగా నిలబడింది. చిన్నప్పుడు బడిలో వెతుక్కున్న వెలుతురు లాంటిదే. ఆ గదిలో ముగ్గురూ ముందు ఫ్యాను చూశారు, తర్వాత గోడ గడియారం చూశారు. గది నిండా ఆమె ఊపిరి ఈల వినపడింది.

"చూడ్డం కష్టంగా ఉందా సార్? కళ్లు మూసుకోండి. మీకు మూతపడతాయి. నాకు పడవు. ఆ బిస్కట్టు ముందుపళ్లతో మీరు కొరికారు ఇప్పుడే, నేను చూశాను. నాకది రాదు. నోరు మూసుకుని ఊపిరి తీసుకోవడం నాకు తెలీదు. అందం కోసం వచ్చానని రాశారు. వీటిల్లో అందం ఏదో చెప్పండి, అది వదిలేసి మిగతావి చేయించండి."

టీ తాగుతున్న వాళ్లలో ఒకాయన కప్పు కింద పెట్టాడు. కళ్లజోడాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని ఈసారి ఆమె వంక చూశాడు. చూసి, అనుమతి కాగితం కింద సంతకం పెట్టి, తండ్రితో అన్నాడు.

"మొదటే సరైన ఫోటో ఇచ్చి ఉంటే మా టైము కలిసొచ్చేదిగా."

వాళ్ల టైము! ఆ మాట నిజమే, అందుకే మరీ మంట. ఆ తిరుగుళ్లలో ఆమె ఎడమ కంట్లో పుండు మానింది గానీ నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ మిగిలింది. దాన్ని కంట్లో పువ్వు పడింది అంటారు. దానికీ ఒక ముద్దుపేరే. ఆ పువ్వుకి నీళ్లు పోసింది ఇంట్లో ప్రేమ, ఆఫీసులో నిర్లక్ష్యం. చెరి సగం.

ఆపరేషన్ జరిగింది. ఒక చెవి మీదుగా ఇంకో చెవి దాకా తల మీద కుట్లు. ముఖం గుమ్మడికాయంత వాచింది. వాపు తగ్గాక చట్రం బయటపడింది. తలకి రెండు వైపులా బిగించిన ఇనుప కమ్మీ, ముఖానికి ఎదురుగా దిగిన ఊచ, దాన్నుంచి లోపలి ఎముకకి సన్నటి తీగలు.

"యాంటెన్నా బాగా కుదిరింది," అంది వదిన. "ఏ స్టేషన్లు వస్తున్నాయి?"

పిచ్చుకకి నవ్వితే నొప్పి. నవ్వకుండా చెయ్యి ఊపింది, చితగ్గొడతానని.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మర తిప్పే చిన్న తాళంచెవి లాంటిది తీసింది. ఎవరు తిప్పుతారని అడిగింది. తల్లి వెనక్కి జరిగింది. వదిన చెయ్యి చాపింది.

"నాన్నకివ్వండి," అంది పిచ్చుక.

తండ్రి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నా వల్ల కాదు తల్లీ."

"ఇన్నేళ్లు నీ వల్ల అయిందిగా."

తెర మీద ఆయన ఆ ముఖాన్ని ఒక్క లాగుతో ముందుకి తెచ్చేవాడు. నచ్చకపోతే ఒక మీట నొక్కి వెనక్కి తీసుకునేవాడు. ఇక్కడ వెంట్రుకవాసి జరగడానికి ఒక రోజు. వెనక్కి తీసుకునే మీట లేదు. పొద్దున్నే చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి తిప్పేవాడు. ఆమె కుర్చీ చేతులు పట్టుకునేది.

"నొప్పా?"

"నొప్పే. తిప్పు."

కొన్నాళ్లకి చెంపలు లేచాయి. ముక్కు మొదలు కనపడింది. ఒకరోజు తండ్రి తాళంచెవి పట్టుకుని ఆగిపోయి, గోడ మీది ఫోటోలు చూశాడు, ఆమెని చూశాడు.

"చాలేమో తల్లీ. ఇప్పుడు సరిగ్గా ఉంది. అచ్చం అలాగే ఉంది."

"పళ్లు కలిశాయా?"

"ఇంకా లేదనుకో. కానీ చూడ్డానికి..."

"చూడ్డానికి ఆపకు. ఎప్పుడు ఆపాలో పళ్లు చూసి, ఊపిరి చూసి తను చెబుతానంది డాక్టరమ్మ. నీకు సరిగ్గా ఉండడం కోసం కాదు నేను ఇది నెత్తిన పెట్టుకుంది."

తండ్రి తిప్పాడు. గోడ మీది పిల్లని దాటి ముఖం ముందుకి పోతూనే ఉంది. ఆయనకి తెలియని ముఖం అది. దానికి తన చేతుల్లో నమూనా లేదు. మరునాడు ఆయన గోడ మీది ఫోటోలు ఒక్కొక్కటే దింపి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఎవరూ చెయ్యమనలేదు. గోడ మీద తెల్లటి చదరాలు మిగిలాయి.

చట్రం తీసేశాక ఇంటికి జనం బారులు కట్టారు. అమ్మో ఎంత అందంగా తయారైందో అని ఒకరు. ఇక సంబంధాలు చూడొచ్చని ఇంకొకరు. సాసరు అని పిలిచిన నోళ్లే అవి. నిద్ర పడుతోందా అని ఒక్కళ్లు అడగలేదు. అడిగితే చెప్పేది. మధ్యాహ్నం భోజనమయ్యాక కుర్చీలో కునుకు తీస్తే, ఈల వినపడక తల్లి కంగారుపడి వచ్చి భుజం కుదిపిందని, లేపినందుకు తిట్లు తిందని చెప్పేది.

కమిటీకి ఆఖరి ఫోటో ఇవ్వాలి. తండ్రి తీశాడు. కుట్ల గీత నుదుటి పైన కనిపిస్తోంది. ఒక చెంప రెండో దానికంటే కాస్త దిగువగా ఉంది. ఎడమ కంట్లో మచ్చ. ఆయన మౌసుని దూరంగా జరిపి, ప్రింటు మీట ఒక్కటి నొక్కాడు. తండ్రీ కూతుళ్లిద్దరూ వెళ్లి ఆ బల్ల ముందు నిలబడ్డారు.

కళ్లజోడాయన ఫోటో చూసి సంతోషించాడు. తర్వాత పెదవి విరిచాడు.

"బాగుందమ్మా. మా పథకం కరపత్రం మీద వేద్దామనుకుంటున్నాం. కానీ ఈ గీతా, ఈ కంట్లో మచ్చా... మీది స్టూడియోనే కదా? కాస్త టచప్ చేసి తీసుకురాకూడదూ?"

పిచ్చుక తండ్రి వంక చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. జీవితంలో వచ్చినవాళ్లెవరికీ కాదనని మనిషి.

"చెయ్యనండీ," అన్నాడు.

"అదేంటండీ, రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాల పనే. ఆ పని చేసే ఇంత దూరం తెచ్చాను. ఆ కంట్లో మచ్చలో సగం నాది, సగం మీది. మీ సగం మీరు చెరుపుకుంటానంటే నేనొప్పుకోను."

"వేస్తే ఇదే వెయ్యండి సార్," అంది పిచ్చుక. "లేకపోతే ఇటివ్వండి."

ఆయన ఇవ్వలేదు, వేస్తాననీ అనలేదు. ఫైల్లో పెట్టి మూశాడు. వేసి ఉండడు. ఇప్పటికీ ఏ ఆఫీసు గోడ మీద చూసినా కరపత్రాల్లో అందరి ముఖాలూ నున్నగానే ఉంటాయి.

బయట మెట్ల పక్కన ఒకామె బుట్టలో జామకాయలు పెట్టుకుని కూర్చుంది. పిచ్చుక వంగి ఒక దోరకాయ ఏరుకుంది. తండ్రి బుట్టామెకి డబ్బులిచ్చి, అలవాటుగా జేబులో చెయ్యి పెట్టి కత్తి తీశాడు. మడత విప్పి చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వు, ముక్కలు..."

కరుక్కుమన్న చప్పుడు అప్పటికే అయిపోయింది. ఆమె నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నములుతోంది. చేతిలో కాయ మీద పైపళ్ల గుర్తులూ కింది పళ్ల గుర్తులూ ఎదురెదురుగా ఉన్నాయి. కాస్త వంకరగా.